దూడకి పొయ్యని పాలు

మా ఆడపడుచు చేతుల గురించి నేనొక అబద్ధం చెప్పాను. ఒక్కసారే చెప్పాను. అప్పటికి నా కొడుకు బడికి పోయే పిల్లవాడు. ఇప్పుడు వాడికే కూతురు పుట్టింది. ఇన్నేళ్లూ ఆ అబద్ధాన్ని మోస్తూనే ఉన్నాను. బోరింగు దగ్గర నీళ్లు కొడుతున్నా, పొయ్యి ముందు కూర్చున్నా, చర్చిలో మోకాళ్ల మీద ఉన్నా, నెత్తిమీద మోపు ఎక్కడ దించాలో తెలియని మనిషిలాగే ఉన్నాను.

రాయడం నాకు అలవాటు లేదు. ఐదో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. నా పేరు రాయను, మా ఊరి పేరూ రాయను. పలాస నుంచి సముద్రం వైపు వస్తే కొబ్బరితోటలు, జీడితోటలు ఉంటాయి కదా, ఆ ఉద్దానంలో ఒక పేట మాది. అంత చాలు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే నేను మళ్లీ అబద్ధమే ఆడతానేమో. నా సంగతి నాకు తెలుసు.

మా ఆడపడుచుని ఇంట్లో అందరూ చిన్నమ్మి అంటారు. నా భర్తకి చెల్లెలు, నాకంటే కొంచెం చిన్నది. పెళ్లయిన కొన్నాళ్లకే ఆమె మొగుడు పనికని చెన్నై వెళ్లాడు. మొదట్లో కబురు పంపేవాడు. తర్వాత అదీ మానేశాడు. పిల్లలు లేరు. అన్న దగ్గరికి వచ్చేసి, మా వాకిట్లోనే ఒక పక్కగా తాటాకు గది వేసుకుని ఉండేది. ఒకరి మీద పడి తినే మనిషి కాదు. పలాస దగ్గర జీడిపిక్కలు కొట్టే పనికి రోజూ పోయేది.

ఆ పని మీకు తెలుసో లేదో. కాల్చిన పిక్కని రాయి మీద పెట్టి, చిన్న కర్రతో కొట్టి, పప్పు విరగకుండా తీయాలి. పెంకులోంచి నల్లటి నూనె కారుతుంది. తగిలిన చోటల్లా చర్మం కాలి పొక్కులు లేస్తాయి. అవి ఊడతాయి, మళ్లీ లేస్తాయి. ఎంత బూడిద రాసుకున్నా, ఎంత కొబ్బరినూనె పట్టించినా వేళ్ల నలుపు పోదు. చిన్నమ్మి చేతులు అలా ఉండేవి. మనిషి మాత్రం ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. నోరు ఊరుకునేది కాదు. నా కొడుక్కి ఆ చేతులతోనే అన్నం కలిపి ముద్దలు పెట్టేది. వాడు నేను పెడితే తినేవాడు కాదు, అత్తే పెట్టాలనేవాడు. నాకు అప్పుడప్పుడు కోపం వచ్చేది కూడా. ఇది కూడా చెప్పేస్తున్నాను. చెప్పాలని కూర్చున్నాక దాచి ఏం లాభం?

దూడల సంగతికి వస్తాను.

మాది చర్చికి పోయే పేట. మా ఇళ్లలో పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, తింటాం. బయట ఆ మాట గట్టిగా అనం. క్రిస్మస్‌కి పెద్దకూర వండకపోతే మాకు పండగ చేసినట్టే ఉండదు. ఎవరో ఒకరు కోసి పోగులు పెడతారు, కొనుక్కుంటాం. నేను చెప్పే ఏటికి ముందటేడు మాకు వచ్చిన పోగులో అన్నీ ఎముకలే. నా కొడుకు గిన్నెలో గరిట పెట్టి వెతుక్కున్నాడు. మా ఆయన కొబ్బరికాయల పీచు ఒలిచే పనికి పోయేవాడు. గాలివానకి చెట్లు పడిపోయి ఆ పనీ తగ్గిపోయింది. ఆ ఏడు పోగు కొనే ఆశ కూడా లేదు.

దూడల్ని పెంచుదామన్న ఆలోచన చిన్నమ్మిదే. టెక్కలిలో ఒకరింట్లో జెర్సీ ఆవులున్నాయని, పాలు అమ్ముకుంటారని, వాళ్లకి కోడెదూడ పుడితే బరువని ఆమెతో పిక్కలు కొట్టే ఆవిడ ఎవరో చెప్పింది. జెర్సీ కోడెకి మూపురం ఉండదు, కాడి నిలవదు, ఎండకి ఆగదు. దుక్కికి పనికిరాదు. ఉన్నన్నాళ్లూ తల్లి పాలు మాత్రం తాగేస్తుంది. ఎవరైనా పట్టుకుపోతే చాలనుకుంటారు.

"ఊరికే ఇచ్చెత్తారట వదినా. రెండున్నాయట. సెరొకటీ పెంచుకుందుం. ఎవుళి పోగు కోసం సూడక్కర్లేదు, రెండో క్రిస్మస్‌కి మన కూర మనకే" అంది.

ఖర్చేముంది అనుకున్నాం. గడ్డి తోటల్లో ఉంది. కాపు రోజుల్లో జీడిపళ్లు నేలరాలి కుళ్లిపోతాయి, పశువులు ఇష్టంగా తింటాయి. కడుగునీళ్లు, కుడితి ఇంట్లోవే. పాలు మరిచేదాకానే కష్టం. అందాకా బతికిస్తే తర్వాత తోటే పెంచుకుంటుంది.

టెక్కలి వెళ్లి తెచ్చుకున్నాం. ఆ ఇంటావిడ "పెంచుకోడానికేనా?" అని అడిగింది. "అవునమ్మా, పెంచుకోడానికే" అన్నాం. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. దూడల్ని ఎక్కిస్తున్నప్పుడు ఒక్క మాట మాత్రం చెప్పింది. "గడ్డి కొరికేదాకా పాలే పొయ్యండి. గంజీ అదీ పోస్తే పారుకుని చచ్చిపోతాయి." ఇద్దరం విన్నాం. నేను కూడా విన్నాను.

ఎర్రదొకటి, నల్లదొకటి. "పెద్దదానివి, నువ్వే ముందు ఏరుకో వదినా" అంది. ఎర్రది కొంచెం దిట్టంగా ఉంది. అది నాదన్నాను. నల్లదానికి నుదుటి మీద తెల్ల మచ్చ. అది ఆమెది. ఆటోలో రెండింటి తలలూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆటో తోలే కుర్రాడు వెనక్కి చూసి నవ్వాడు.

"ఏటి పిన్నీ, కవలలేటి?"

"అవున్రా బాబూ. బారసాలకి మీ అమ్మని పిలవలేదని కోపమా? తిన్నగా తోలు, పిల్లలు అదిరిపోతన్నారు."

దారి పొడుగునా అలాగే మాట్లాడుతూ వచ్చింది. ఆ రోజు నేను కూడా బాగా నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే ముందు గుచ్చుకుంటుంది.

తల్లి నుంచి విడదీసిన దూడకి గిన్నెలో తాగడం రాదు. నేర్పాలి. మన వేళ్లు దాని నోట్లో పెడితే చనుమొన అనుకుని చప్పరిస్తుంది. అలా చప్పరిస్తుండగానే చెయ్యి మెల్లగా పాలలోకి దించాలి. వేళ్ల సందుల్లోంచి పాలు నోట్లోకి పోతాయి. నా దూడకి నేను నేర్పాను. తన దూడకి తను నేర్పింది. తనకి ముందు వచ్చింది ఆ పని. పక్కింట్లో గేదెల వాళ్ల దగ్గర ఎవరి దూడకి పాలు వాళ్లం తీసుకునేవాళ్లం. పొద్దున్నే తన దూడకి తాగించి, మధ్యాహ్నానికీ సాయంత్రానికీ సరిపడా పాలు చెంబులో పోసి, మూత పెట్టి, నా చేతికిచ్చి పనికి పోయేది. "నా నల్లోడు జాగర్త వదినా" అనేది. టీలో పాలు మానేసింది. నల్ల టీ తాగి పోయేది. ఆ పాలు కూడా దూడకే.

ఆ చెంబులో పాలు నేను నల్లదానికి పొయ్యలేదు.

రాసేశాను. ఇక్కడిదాకా రావడానికే నాకు చాలాసేపు పట్టింది.

మొదట కొంచెం తీశాను. తర్వాత సగం. తర్వాత మొత్తం. నల్లదానికి చోడిపిండి గంజి కాచి, చల్లార్చి, పల్చగా పోసేదాన్ని. చోడి అంటే రాగులు, మాకు బలమైన తిండి. మా అమ్మ మమ్మల్ని చోడి అంబలితోనే పెంచింది. మనుషులకి బలమైంది దూడకి బలం కాదా అని నాకు నేను చెప్పుకున్నాను. టెక్కలి ఆవిడ చెప్పిన మాట చెవిలో ఉంది. ఉన్నా సరే అలాగే చెప్పుకున్నాను.

ఆ పాలు ఏం చేశాను? పిల్లవాడికి పట్టాను అని రాయబోయాను. ఆ మాట రాసి కొట్టేశాను. పిల్లవాడికి కాదు. ఇన్నేళ్లూ నాలో నేను తర్కించుకునేటప్పుడు కూడా "ఇంట్లో బిడ్డ ఉన్నాడు కదా, పాలు ఇంట్లోనే కదా పోయాయి" అనుకునేదాన్ని. అది కూడా అబద్ధమే. అవి నా ఎర్రదానికి పోశాను. అది తొందరగా కండ పట్టాలని. నా దూడే ముందు పెరగాలని. మా ఆయన సాయంత్రం వచ్చి దాని వీపు మీద చెయ్యేసి "బాగా తేరింది" అంటే నాకు బాగుండేది. ఇంట్లో నన్ను ఎవరు మెచ్చుకునేవాళ్లు? మొగుడూ కొడుకూ ఇద్దరూ చిన్నమ్మి, చిన్నమ్మి అనేవాళ్లు. దీనికోసమేనా? ఒక మూగజీవి కడుపు మాడ్చింది ఇంత చిన్నదానికోసమేనా? అవును, ఇంత చిన్నదానికే. పెద్ద కారణం ఏదైనా ఉంటుందేమోనని ఎన్నిసార్లు వెతికినా ఇదే దొరుకుతోంది.

నల్లది చిక్కిపోయింది. చిన్నమ్మి చూసింది. చూడకుండా ఎలా ఉంటుంది? ఆదివారాలు దాన్ని తడుముతూ కూర్చునేది. "నీదేటి బొద్దుగా ఉన్నాది, నాదేటి ఎముకల గూడు?" అనేది. "దాని తల్లి బక్కది. సూడలేదేటి అక్కడ?" అన్నాను. నమ్మింది. దానికి పారుడు పట్టుకుంది, విరేచనాలు ఆగలేదు. టెక్కలి ఆస్పత్రికి తీసుకుపోదామంది. "ఒక పూట పని పోతే మేస్త్రి ఊరుకుంటాడేటి? నేను సూత్తాను, నువ్వెళ్లు" అన్నాను. ఆస్పత్రిలో ఎవరైనా దాని కడుపు చూసి ఏం పోస్తున్నారని అడుగుతారని నా భయం. ఆ భయంతోనే పంపలేదు. ఆ రోజైనా పాలు పోసి ఉంటే బతికేదేమో. పొయ్యలేదు. ఎందుకు పొయ్యలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకసారి మొదలుపెట్టిన పని మధ్యలో ఆపితే ఇన్నాళ్లూ చేసింది తప్పని ఒప్పుకున్నట్టు అవుతుందనుకున్నానా? ఏమో.

ఒక మధ్యాహ్నం అది చచ్చిపోయింది. ఇసకలో పక్కకి పడుకుని, కాళ్లు చాపి, నాలుక బయట పెట్టి. పేటలో ఆడవాళ్లు నలుగురూ చేరారు. చిన్నమ్మికి ఎవరో కబురు చెప్తే పని మధ్యలోంచి వచ్చేసింది. చేతులు కడుక్కోనే లేదు. బూడిద, నూనె, నలుపు అలాగే ఉన్నాయి.

అప్పుడే మా వీధి ముసలమ్మ ఒకావిడ వంగి దూడ పొట్ట నొక్కి చూసింది. ఆవిడకి పశువుల సంగతి బాగా తెలుసు. "ఇదేటే, పొట్ట వెన్నుకి అంటుకుపోనాది? దీనికి పాలు పోత్తన్నారా లేదా?" అంది. అని తలెత్తి నా వైపే చూసింది. మిగతా వాళ్లు కూడా నా వైపే చూశారు. పగలంతా ఇంట్లో ఉండేది నేనే కదా.

అప్పుడు అన్నాను.

"పాలకేటి లోటు? దాని సేతులు సూడండి ముందు. పొద్దున్నే ఆ జీడి ఏళ్లే కదా దూడ నోట్లో ఎడతన్నాది. మనిషి తోలే కాలిపోతాది, దూడ పేగులు ఆగుతాయేటి?"

అందరూ ఆమె చేతుల వైపు తిరిగారు. ఒక్క మాటతో అందరి కళ్లూ నా మీంచి ఆమె మీదికి పోయాయి. నాకు ఊపిరి ఆడింది. ఎంత హాయిగా అనిపించిందో కూడా రాయాలి. హాయిగానే అనిపించింది.

చిన్నమ్మి గబగబా చెప్పుకుంది. "కడుక్కుంతాను వదినా. సబ్బెట్టి కడుక్కుంతాను, బూడిదెట్టి తోముకుంతాను. అప్పుడే ఎడతాను. నీకు తెల్దేటి?"

"తోమితే పోతాదేటి జీడి? పోతే ఆ నలుపేటి?"

"మరి నీకు జొరం వొచ్చిన ఆదివారం నీ దూడకి కూడా నేనే ఎట్టాను కదా. దానికేటీ అవలేదు కదా?"

ఆ మాట నిజం. ఆ ఆదివారం నా ఎర్రది ఆమె వేళ్లే చప్పరించి తాగింది. గంతులేస్తూ తిరిగింది. నా అబద్ధం అక్కడితో ఆగిపోవలసింది. నాకు మాత్రం మాట తడుముకోకుండా వచ్చింది.

"ఒక్క పూటకి ఏటవుతాదే? రోజూ ఇసం ఎడితే అవుతాది."

ఇసం అన్నాను. విషం అన్నాను. ముసలమ్మ కూడా "అదీ నిజమేనే, జీడి సెడ్డది" అని తల ఊపింది. చిన్నమ్మి తన రెండు చేతులూ ముందుకి చాపి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నేనే సంపేసినానేటి?" అంది. నన్ను అడగలేదు. ఎవరినీ అడగలేదు. నేను దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యేసి "ఏడవకు, తెలీక సేసినావు" అన్నాను. ఓదార్చాను. చేసినదానికంటే ఈ ఓదార్పే నన్ను ఎక్కువగా తినేస్తుంది.

తోలు వలుచుకుంటామని ఒకరు వస్తే చిన్నమ్మి దూడని ఇవ్వలేదు. తోటలోకి తనే మోసుకుపోయి, తనే గొయ్యి తవ్వి కప్పెట్టింది.

ఆ రోజు నుంచి నా కొడుక్కి ముద్దలు పెట్టడం మానేసింది. వాడు కంచం పట్టుకుని ఆమె గుమ్మం ముందు కూర్చుని ఏడ్చేవాడు. "అమ్మని అడుగు నాన్నా, అత్త సెయ్యి మంచిది కాదు" అనేది. వాడు కొన్నాళ్లు ఏడ్చి ఊరుకున్నాడు. పేటలో పెళ్లికో చావుకో నలుగురూ చేరి వంట చేస్తే, కూరగాయలు తరగడానికి కూడా కత్తిపీట ముందుకి వచ్చేది కాదు. నీళ్లు తోడేది, గిన్నెలు తోమేది. వండిన దేన్నీ ముట్టుకునేది కాదు. ఎవరైనా సరదాకి "ఓలమ్మీ, జీడిసెయ్యి వొత్తన్నాది, కుండలు మూసుకోండే" అంటే తనే ముందు నవ్వేది. ఆ నవ్వు వింటూ నేను కూర తిప్పుకుంటూ ఉండేదాన్ని. జీడిపని చేసే ఆడవాళ్లు పలాసలో ఎంతమంది లేరు? వాళ్లంతా పిల్లలకి అన్నం పెట్టడం లేదా? పెడుతున్నారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ కళ్లముందు చచ్చిన దూడ ఉంది. దాని పక్కన నేను చెప్పిన మాట ఉంది.

నా ఎర్రది పెరిగింది. రెండో క్రిస్మస్‌కి కోశాం. మా ఆయన మొదటి పోగు చెల్లెలికే పంపించాడు. మెత్తని కండ చూసి వేశాడు. సాయంత్రం ఆమె గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, "బాగా కండ పట్టినాది వదినా. నీది మంచి సెయ్యి. దేవుడు నిన్ను సల్లగా సూడాలి" అంది.

తన పాలు తాగి పెరిగిన మాంసం తన గిన్నెలోనే పంపి, ఆ దీవెన నేను పుచ్చుకున్నాను. ఏం మనిషిని నేను?

చెప్పాలనుకోలేదా అని మీరు అడుగుతారు. అనుకున్నాను. మా చర్చిలో సాక్ష్యాలు చెప్పే ఆదివారం ఉంటుంది. లేచి నిలబడి, దేవుడు చేసిన మేలు చెప్పవచ్చు, చేసిన పాపం ఒప్పుకోవచ్చు. ఒకసారి నిజంగానే లేచాను. ఆడవాళ్ల వరసలో చివర చిన్నమ్మి కూర్చుని నా వైపే చూస్తోంది. నోరు తెరిచాను. జ్వరం తగ్గించినందుకు దేవునికి స్తోత్రం అని చెప్పి కూర్చున్నాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆమె అందరికంటే గట్టిగా అంది.

మా ఆయనకీ చెప్పలేదు. ఆయన పోయే ముందు మంచం పక్కన కూర్చుని చెబుదామనుకున్నాను. ఆయన అప్పుడు కూడా "సిన్నమ్మిని సూసుకో" అన్నాడు. సరేనన్నాను.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న ఆదివారం నా మనవరాలికి మొదటి అన్నం పెట్టాం. మా ఇంట్లో బిడ్డకి మొదటి ముద్ద అత్త పెట్టాలి. నా కొడుక్కి అక్కచెల్లెళ్లు లేరు. ఇక ఇంట్లో ఉన్న అత్త వాడి మేనత్త చిన్నమ్మే. కోడలికి పాత సంగతులు తెలియవు. బిడ్డని ఎత్తుకుని వచ్చి ఆమె ఒళ్లో పెట్టబోయింది. చిన్నమ్మి చీర కొంగు కింద రెండు చేతులూ దాచేసుకుంది.

"నా సెయ్యి వొద్దమ్మా. మీ అత్తని అడుగు, సెప్తాది" అంది.

కోడలు నా వైపు తిరిగింది. నా కొడుకు కూడా తిరిగాడు. పాస్టరుగారూ ఉన్నారు. ఆ చేతులు ఇప్పుడు నల్లగా కూడా లేవు. జీడిపని ఎప్పుడో మానేసింది. మచ్చలు మిగిలాయి అంతే. ఒక్క మాట చెప్పవలసింది నేను. ఇంట్లో అందరూ ఉన్నారు, ఆమె ఉంది, బిడ్డ ఉంది. ఇంతకంటే సమయం ఇంకెప్పుడు వస్తుంది?

"దానికి ఇష్టం లేకపోతే ఒగ్గీండి" అన్నాను. అని కంచం అందుకుని, ఆ ముద్ద నేనే పెట్టాను.

బిడ్డ మింగింది. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నమ్మి కూడా నవ్వింది, చేతులు కొంగు కిందే పెట్టుకుని. నాకు ఆ రోజు ముద్ద దిగలేదు. మర్నాడూ దిగలేదు. ఒంట్లో బాగోలేదేమోనని కోడలు మజ్జిగ కలిపి ఇచ్చింది. ఏదో ఒక రోజు మా ఇద్దరిలో ఒకరం పోతాం. ఆమె ముందు పోతే, బిడ్డల నోటికి విషం పెట్టే చెయ్యి తనదనుకుంటూ పోతుంది. నేను ముందు పోతే నిజం తెలిసిన మనిషే ఉండదు. అప్పుడే ఈ కాగితం మొదలుపెట్టాను. మీకు చెప్పేస్తే చాలనుకున్నాను. చెంబులో పాల సంగతి దాకా రాసి ఆగిపోయాను. ఆ ఒక్క మాట కాగితం మీద చూసుకున్నాక ఇంక కూర్చోలేకపోయాను.

నిన్న పొద్దున చిన్నమ్మి తన గుమ్మం ముందు కొబ్బరాకులు చీరి ఈనెలు తీస్తోంది. ఇప్పుడు చీపుర్లు కట్టి అమ్ముకుంటోంది. నేను వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "ఏటి వదినా, పొద్దున్నే ఎండలోకి వొచ్చీసినావు?" అంది. నేను తల ఎత్తలేదు.

"నల్లదానికి నేను పాలు పొయ్యలేదే అమ్మీ. నువ్విచ్చిన సెంబు నా దూడకి పోసీసినాను. నీ సెయ్యి వల్ల కాదు. నాకు తెలుసు. అప్పుడూ తెలుసు."

ఇంతే చెప్పగలిగాను. ఇంకా చాలా చెప్పాలని వెళ్లాను.

ఆమె చేతిలో ఆకు ఆగింది. కొడుతుందనుకున్నాను. తిట్టి నలుగురినీ పిలుస్తుందనుకున్నాను. అలా జరిగినా బాగుండేది. లేదంటే ఇన్నాళ్లకి తన చేతుల మీద నింద పోయిందని ఏడుస్తుందనుకున్నాను. నిజం చెబుతున్నాను, అలా ఏడిస్తే నాకు కొంచెం మేలు జరుగుతుందని కూడా లోపల అనుకున్నాను. ఆమె చేతుల వంక చూసుకోనే లేదు.

"అయితే ఆకలితో సచ్చినాదేటి?" అంది.

"అవును."

"పొద్దున్న నేను పోసిన పాలు తాగి, మల్ల పొద్దున్న దాకా నాకోసం సూసీదేటి?"

ఈ మాట నాకు ఎన్నడూ తోచలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. నా తప్పు, నా భయం, నా బరువు, అన్నీ నావే చూసుకున్నాను. ఆ దూడ రోజంతా ఏం చేసేదో నేను తలుచుకోలేదు. కానీ చూశాను కదా. ఆమె పని నుంచి వచ్చే వేళకి అది కట్టుతాడు సాగదీసుకుని వీధి వైపు నిలబడేది. చూశాను.

"అవును" అన్నాను.

ఆమె లేచింది. చీరకి అంటుకున్న ఆకు పీచు దులుపుకుంది. లోపలికి వెళ్లిపోయింది. తలుపు వెయ్యలేదు, నన్ను రమ్మననూ లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా కూర్చున్నాను. ఆమె బయటికి రాలేదు. ఇవాళ పొద్దున నీళ్ల దగ్గర ఎదురైతే పక్కకి తప్పుకుంది. నన్ను వదినా అని పిలవలేదు.

ఏం జరిగిందని నా కొడుకు అడిగాడు. వాడికీ చెప్పాను. వాడు చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

క్షమించమని ఆమెని అడగలేదు. అడిగే మొహం లేదు. ఆమె క్షమిస్తుందని మీకు చెప్పడానికి నా దగ్గర ఏ గుర్తూ లేదు. నేను చెప్పడం వల్ల ఆమెకి మేలు జరిగిందో, ఉన్న దుఃఖం మీద ఇంకొకటి వేశానో అదీ తెలియదు. తేలిక పడింది నేను ఒక్కదాన్నేనేమో. అది కూడా సిగ్గుగానే ఉంది. అయినా తేలికగానే ఉంది, కాదని అనలేను. నిన్న ఆ నేల మీద కూర్చున్నప్పుడు నా గుండెలోంచి ఏదో దిగింది. ఎక్కడికి దిగిందో, ఇప్పుడు ఎవరి మీద ఉందో తెలియదు.

దూడ ఆకలితో చచ్చింది. పాలు ఉన్నాయి. నేను పొయ్యలేదు.